‘థైరాయిడ్ మాత్ర ఒక్కటే వాడతాను మేడమ్’: ఆందోళనకు అశ్వగంధ వాడిన ఒక టీచర్ కేసు

నేను గోదావరి ఒడ్డున ఉన్న ఒక పట్టణంలో మానసిక వైద్యం చేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను.

జనవరిలో ఒక సాయంత్రం భర్తతో కలిసి వచ్చారు. వయసు 36. ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్. కుర్చీలో కూర్చుంటూనే రెండు చేతులూ ఒళ్లో కలిపి గట్టిగా పట్టుకున్నారు. వణుకు కనబడకుండా అలా పట్టుకున్నారని తర్వాత అర్థమైంది.

"గుండె దడదడలాడుతోంది మేడమ్. బోర్డు మీద రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. పిల్లలు చూస్తున్నారేమోనని ఇంకా టెన్షన్. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక నిద్ర లేదు."

భర్త అందుకున్నారు. "వాళ్ల నాన్నగారు పోయినప్పటి నుంచీ ఇంతే మేడమ్. మొదట్లో బెంగగా ఉండేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. మధ్యలో బాగానే తేరుకుంది. ఈ రెండు నెలల నుంచి మళ్లీ ఎక్కువైంది. చిన్న మాటకే చిరాకు, ఊరికే చెమటలు."

మధ్యలో తేరుకుందన్న మాట ఆ రోజు నా చెవిన పడింది. ఎలా తేరుకున్నారని మాత్రం అడగలేదు.

తండ్రి అంతకుముందు జులైలో గుండెపోటుతో చనిపోయారు. రోజూ బడి నుంచి ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, సాయంత్రం ఆరున్నరకు ఆయనకు ఫోన్ చేయడం ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. ఇప్పుడు ఆరున్నర అవుతుంటేనే గొంతు దగ్గర ఏదో పట్టేసినట్టు ఉంటుందన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు మాత్రమే ఏడ్చారు.

ప్రశ్నావళి ఇచ్చాను. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 14 వచ్చింది, అంటే మధ్యస్థం. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 9, అంటే స్వల్పం. అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా. కాగితం మీద సున్నా వచ్చినా నోటితో కూడా అడుగుతాను, అడిగాను. "అలాంటిదేం లేదు మేడమ్, పాప పదో తరగతి" అన్నారు.

పరీక్ష చేసినప్పుడు నాడి నిమిషానికి 112. ఆందోళనలోనూ నాడి పెరుగుతుంది. కానీ భయపడే మనిషి అరచేతులు సాధారణంగా చల్లగా, చెమటగా ఉంటాయి. ఈమెవి వెచ్చగా, తడిగా ఉన్నాయి. చేతులు ముందుకు చాపమని వేళ్ల మీద కాగితం పెడితే సన్నగా అదిరింది. ఆరు నెలల్లో 61 కిలోల నుంచి 56కి తగ్గారు. "తిండి బాగానే తింటున్నాను, ఇంకా ఎక్కువే తింటున్నాను" అన్నారు. దిగులుతో బరువు తగ్గేవారు సాధారణంగా అన్నం సయించడం లేదంటారు.

ఏం మందులు వాడుతున్నారని అడిగాను. "థైరాయిడ్ మాత్ర ఒక్కటే వాడతాను మేడమ్. యాభై పాయింట్లది. నాలుగేళ్లుగా." జూన్‌లో చేయించిన రిపోర్టు కూడా చూపించారు. టీఎస్‌హెచ్ 3.1, అంటే ఆ మోతాదు ఆమెకు సరిపోతోంది. ఒంట్లో థైరాయిడ్ హార్మోను పెరిగితే ఈ అంకె తగ్గుతుంది, హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది.

అనుమానంతో థైరాయిడ్ పరీక్ష మళ్లీ రాశాను. అక్కడితో ఆగాల్సింది. ఎదురుగా ఉన్న మనిషి బాధ చూసి, తండ్రి పోయిన దుఃఖం విని, ఆందోళనకూ దిగులుకూ ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ 5 మి.గ్రా. కూడా మొదలుపెట్టాను. రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు ఆగి ఉంటే సరిపోయేది. అది నా తప్పు.

మూడో రోజు ఫోన్

మూడో రోజు ఉదయం ఆమె ఫోన్ చేశారు. "మేడమ్, మా ఆడపడుచు డల్లాస్ నుంచి డిప్రెషన్‌కి మంచిదని ఒక హెర్బల్ మాత్ర పంపింది. సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవట. మీరిచ్చిన మాత్రతో పాటు అది కూడా వేసుకోవచ్చా?"

పేరు చదవమన్నాను. సెయింట్ జాన్స్ వోర్ట్. ఇంకా మొదలుపెట్టలేదని విన్నాక కానీ నా గుండె కుదుటపడలేదు. ఎస్సిటాలోప్రామ్ మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం పనిని పెంచుతుంది. సెయింట్ జాన్స్ వోర్టూ అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే చెమటలు, వణుకు, విరేచనాలు, కండరాలు బిగుసుకుపోవడం, జ్వరం, మనిషి కుదురుగా ఉండలేకపోవడం వంటి లక్షణాలతో సెరొటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. చెమటలూ వణుకూ ఈమెకు అప్పటికే ఉన్నాయి కాబట్టి, అది మొదలైనా ఎవరమూ వెంటనే గుర్తుపట్టేవాళ్లం కాదు.

అది ముట్టుకోవద్దని చెప్పి, ఇంకో మాట అడిగాను. "అమ్మా, ఇంట్లో మీరు వాడేవన్నీ, పొడులు, టానిక్కులు, జుట్టు మాత్రలు, బొప్పాయి రసం అయినా సరే, ఒక సంచిలో వేసుకుని మధ్యాహ్నం రండి. నేను ఏమీ అనను."

ఆ చివరి మాట ఎందుకో అప్పటికి అలా వచ్చింది. దాని వల్లే సంచి నిండుగా వచ్చిందని ఆమె తర్వాత చెప్పారు. ఇదివరకు ఒకచోట అశ్వగంధ మాట ఎత్తితే "చదువుకున్నవాళ్లు, ఈ ఆకులూ వేర్లూ ఏమిటి?" అని కసిరారట. అప్పటి నుంచి ఏ డాక్టరు అడిగినా ఒకటే జవాబు: థైరాయిడ్ మాత్ర ఒక్కటే.

సంచిలో ఉన్నవి

టేబుల్ మీద ఒక్కొక్కటీ పెట్టించి, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో రాసుకున్నాను. తేదీలు వరుసలో పెట్టేసరికి కథ దానంతటదే తెలిసిపోయింది.

సెప్టెంబరులో స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్ ఒకావిడ చెప్పారని అశ్వగంధ క్యాప్సూల్ మొదలుపెట్టారు. వేరు సారంతో చేసింది, 300 మి.గ్రా., రాత్రి ఒకటి. పదిహేను రోజుల్లో నిద్ర పట్టింది. మనసు తేలికపడింది. భర్త చెప్పిన "తేరుకుంది" ఇదే. దీన్ని నేను కాదనను. ఆ మందు ఆమెకు పనిచేసింది.

నవంబరు మధ్యలో దడ మొదలైంది. బెంగ తిరగబెట్టిందనుకుని క్యాప్సూళ్లు రెండు చేశారు. డిసెంబరులో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. దానికి ఆన్‌లైన్‌లో బయోటిన్ మాత్రలు తెప్పించారు, ఒక్కో మాత్రలో 10 మి.గ్రా. అదే నెలలో ఊరి నుంచి వచ్చిన తల్లి కూతురు చిక్కిపోయిందని చూసి పెన్నేరు గడ్డ పొడి తెచ్చారు. రాత్రి పాలలో ఒక చెంచా. పెన్నేరు గడ్డ అంటే అశ్వగంధే. ఆ సంగతి తల్లికీ తెలియదు, కూతురికీ తెలియదు. ఒకే మందు రెండు పేర్లతో రెండు దారుల్లో కడుపులోకి వెళ్తోంది.

సంచి అడుగున ఇంకో చిన్న పెట్టె ఉంది, గర్భనిరోధక మాత్రలు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువని రెండేళ్ల కిందట గైనకాలజిస్టు రాసినవి. "అది మందు కాదు కదా మేడమ్, పీరియడ్స్‌కి వాడేది" అన్నారు. మనం మందు అనే మాటతో అడిగినది ఒకటి, వాళ్లు విన్నది ఇంకొకటి.

రిపోర్టును నమ్మాలా?

ఆ సాయంత్రమే రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 0.03. ఉండాల్సింది సుమారు 0.4 నుంచి 4 మధ్య. రక్తంలోని థైరాయిడ్ హార్మోను ఫ్రీ టీ4 2.4, ఆ ల్యాబులో పై హద్దు 1.8. ఒంట్లో థైరాయిడ్ హార్మోను బాగా ఎక్కువైందని చెప్పే అంకెలు.

కానీ బయోటిన్ సీసా కళ్లెదుటే ఉంది. చాలా ల్యాబ్ యంత్రాలు ఈ హార్మోన్లను కొలవడానికి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాలు ఒకదాన్నొకటి అతుక్కునే గుణాన్ని వాడుకుంటాయి. రక్తంలో బయోటిన్ విపరీతంగా ఉంటే ఆ అతుకు చెడుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. ఏ జబ్బూ లేని మనిషి రిపోర్టు కూడా థైరాయిడ్ పెరిగినట్టే వస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి 2017లో ఒకసారి, 2019లో మరోసారి హెచ్చరించింది. జుట్టు కోసం ఆ మాత్రలు వాడేవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు. రక్తం తీసే ముందు ఆ మాట అడగడం మాత్రం తక్కువ.

బయోటిన్ మూడు రోజులు ఆపించి మళ్లీ రక్తం తీయించాం. టీఎస్‌హెచ్ 0.06, ఫ్రీ టీ4 2.1. అంటే బయోటిన్ అంకెలను కొంత వక్రీకరించినా, హార్మోను నిజంగానే ఎక్కువగా ఉంది. థైరాయిడ్ గ్రంథిని అతిగా పనిచేయించే గ్రేవ్స్ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీ లేదు. ఒళ్లు తన థైరాయిడ్ గ్రంథి మీదే దాడి చేస్తోందని చెప్పే టీపీఓ యాంటీబాడీ ఎక్కువగా ఉంది. ఆమె పాత థైరాయిడ్ లోపానికి కారణం అదే. ఈసీజీలో వేగం తప్ప తేడా ఏమీ లేదు. కాలేయం పరీక్షలు మామూలుగా ఉన్నాయి.

కాలేయం ఎందుకు చూశానంటే, అశ్వగంధతో కామెర్లు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఐస్‌లాండ్, అమెరికాల నుంచి ఐదుగురి వివరాలు 2020లో వచ్చాయి, ఆ తర్వాత మన దేశం నుంచీ వచ్చాయి. వాడేవాళ్ల సంఖ్యతో పోలిస్తే అవి అరుదే. అయినా ఒళ్లు దురద, ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ రోజే ఆపి పరీక్ష చేయించుకోవాలి.

ఏం జరిగి ఉంటుంది

అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదని మనకు తెలుసు. థైరాయిడ్ కొద్దిగా తగ్గినవాళ్లు 50 మందికి రోజుకు 600 మి.గ్రా. వేరు సారాన్నో, మందు లేని ఉత్తి మాత్రనో ఎనిమిది వారాలు ఇచ్చి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. సారం తీసుకున్నవాళ్లలో టీఎస్‌హెచ్ తగ్గి, హార్మోన్లు పెరిగాయి. థైరాయిడ్ తక్కువ ఉండి ఏ మాత్రా వాడని మనిషికి ఇది లాభంలాగే కనిపించవచ్చు. ఈమె విషయం అది కాదు. కావలసిన హార్మోను మాత్ర రూపంలో సరిగ్గా అందుతున్న ఒంట్లోకి ఇది పైనుంచి వచ్చి చేరింది.

హార్మోను పెరగ్గానే దడ వచ్చింది. దడను దిగులనుకుని అశ్వగంధ రెట్టింపు చేశారు. జుట్టు ఊడింది, బయోటిన్ వచ్చింది. మనిషి చిక్కిపోయింది, బలానికి పెన్నేరు గడ్డ పొడి వచ్చింది. నిద్ర మళ్లీ పోయింది, డల్లాస్ నుంచి సెయింట్ జాన్స్ వోర్ట్ వచ్చింది. చివర్లో నేను రాసిన మాత్ర కూడా ఆ వరుసలోనే చేరింది. ఒక మందు తెచ్చిన లక్షణానికి మరో మందు. ఇందులో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. తల్లి, ఆడపడుచు, తోటి టీచర్, అందరూ ఆమె మీద ప్రేమతోనే ఇచ్చారు.

ఇది నూటికి నూరు పాళ్లూ అశ్వగంధ పనే అని నేను రాయలేను. టీపీఓ యాంటీబాడీ ఉన్నవాళ్లలో థైరాయిడ్ గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోను కొన్ని వారాలు రక్తంలోకి కారి, తర్వాత దానంతటదే తగ్గిపోవడం కూడా జరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదు. ఖాయంగా తేల్చాలంటే అశ్వగంధ మళ్లీ ఇచ్చి చూడాలి. అలాంటి పని మేం చేయం. మొదలుపెట్టిన రెండున్నర నెలలకు రావడం, మోతాదు పెంచినకొద్దీ పెరగడం, ఆపాక తగ్గడం, ఈ మూడూ కలిపి చూస్తే నా వేలు అటే చూపిస్తుంది.

చేసిన చికిత్స

మా ఊళ్లోని ఫిజీషియన్‌తో కలిసి నిర్ణయం తీసుకున్నాం. క్యాప్సూల్, పొడి, బయోటిన్ అన్నీ ఆపేశాం. ఎస్సిటాలోప్రామ్ కూడా ఆపాను. అప్పటికి మూడు మాత్రలే మింగారు, కాబట్టి ఒక్కసారిగా ఆపడానికి ఇబ్బంది లేదు. థైరాయిడ్ మాత్రను తాత్కాలికంగా ఆపాం. దడకు ప్రొప్రానొలోల్ 20 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఆయాసం, ఉబ్బసం లేవని రూఢి చేసుకున్నాకే ఇచ్చాం.

మూడో వారానికి నాడి 84. బోర్డు మీద వృత్తం గీయగలిగానని ఆ రోజు నవ్వుతూ చెప్పారు. ప్రొప్రానొలోల్ మెల్లగా తగ్గించి ఆపేశాం. ఆరో వారానికి టీఎస్‌హెచ్ 1.2. పదో వారానికి 6.8కి ఎక్కింది, అంటే ఆమె పాత లోపం మళ్లీ బయటపడింది. 50 మైక్రోగ్రాముల మాత్ర తిరిగి మొదలుపెట్టాం. పొద్దున్నే పరగడుపున మాత్ర, అరగంట నుంచి గంట తర్వాతే టీ. ఎనిమిది వారాల తర్వాత 2.9.

ఆ తర్వాత మిగిలింది

థైరాయిడ్ సర్దుకున్న ఆరో వారంలో ప్రశ్నావళి మళ్లీ ఇచ్చాను. జీఏడీ-7 14 నుంచి 8కి దిగింది. పీహెచ్‌క్యూ-9 మాత్రం 9 నుంచి 8కే వచ్చింది. దడ పోయింది, దిగులు మిగిలింది. చాలామందికి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 'అంతా థైరాయిడ్ వల్లే' అని తేల్చి ఇంటికి పంపేస్తారు. సాయంత్రం ఆరున్నర అయితే ఆమె గొంతు ఇంకా పట్టేస్తూనే ఉంది.

ఆమె సూటిగా అడిగారు. "అశ్వగంధ నాకు పడలేదు, సరే. ఇంగ్లీషు మందుకు మనసొప్పడం లేదు. మూలికల్లో నాకు సరిపడేది ఇంకేదైనా చెప్పండి."

ఈ ప్రశ్నకు జవాబు దాటవేయకూడదు. దాటవేస్తే ఆమె ఫోన్‌ను అడుగుతారు. అందుకే తెలిసింది తెలిసినట్టు చెప్పాను.

అశ్వగంధ గురించి మన రాష్ట్రాలకు దగ్గరి అధ్యయనమే ఉంది. 2012లో హైదరాబాద్‌లో ఒత్తిడితో ఉన్న 64 మందికి, సగం మందికి వేరు సారం 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి ఉత్తి మాత్రలు, 60 రోజులు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లలో ఒత్తిడి స్కోరు, రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టిసోల్ బాగా తగ్గాయి. తర్వాత ఇంకా కొన్ని వచ్చాయి, చాలావరకు చిన్నవి, రెండు మూడు నెలలవి. కాబట్టి ఇది ఉత్త నమ్మకం కాదు. కానీ రెండు మూడు నెలలకు మించి వాడితే ఏమవుతుందో చెప్పేంత సమాచారం మన చేతిలో లేదు. పొడికీ సారానికీ తేడా ఉందన్నది ఇంకో సంగతి. ఆయుర్వేద మందుల ప్రామాణిక గ్రంథమైన ఫార్మకోపియా ప్రకారం వేరు పొడి మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. సారాన్ని మి.గ్రా.ల్లోనే ఇస్తారు. 'నేచురల్' అని ఒకే రకం అక్షరాల్లో రాసి ఉన్న రెండు సీసాల్లో బలం చాలా తేడాగా ఉండవచ్చు. ఆకు కలిసిందా అన్నది కూడా చూడాలి. ఆకులు వాడొద్దనీ, వేరును మాత్రమే వాడాలనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. గర్భిణులు, థైరాయిడ్ మందు వాడేవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు తమంతట తాము దీన్ని మొదలుపెట్టకూడదు.

సెయింట్ జాన్స్ వోర్ట్ ఐరోపాలో పెరిగే పసుపు పూల మొక్క. దీని సారం పనిచేస్తుందనడానికి మూలికలన్నిటిలోకీ గట్టి ఆధారం ఉంది. 2008లో కోక్రేన్ సమీక్ష 29 అధ్యయనాలను, 5,489 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. ఉత్తి మాత్ర కన్నా మెరుగు, మామూలు డిప్రెషన్ మందులతో సమానం, దుష్ప్రభావాలు తక్కువ అని తేలింది. అయినా నేను ఆమెకు వద్దన్నాను. అందులోని హైపర్‌ఫోరిన్ అనే పదార్థం కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను నిద్రలేపుతుంది. అప్పుడు గర్భనిరోధక మాత్ర తన పని తాను చేయలేదు, రక్తం పలచబడే వార్ఫరిన్ చేయలేదు, హెచ్ఐవీ మందులు చేయలేవు. 2000లో గుండె మార్పిడి జరిగిన ఇద్దరిలో ఈ మూలిక వల్ల, తిరస్కరణను ఆపే మందు సైక్లోస్పోరిన్ స్థాయి పడిపోయి, ఒళ్లు కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఈమె వాడుతున్నది గర్భనిరోధక మాత్ర. అనుకోని గర్భం వస్తే, పదో తరగతి పాప ఉన్న ఇంట్లో అది ఇంకో పెద్ద సమస్య. డల్లాస్‌లోని ఆడపడుచుకు ఈ మాత్ర సంగతి తెలియదు, ఆమెను తప్పుపట్టలేం.

కుంకుమపువ్వు గురించి కూడా అడిగారు. టెహ్రాన్‌లో రోజుకు 30 మి.గ్రా. సారంతో స్వల్ప, మధ్యస్థ డిప్రెషన్ మీద అధ్యయనాలు జరిగాయి, ఫలితాలు ఆశ కలిగించేలా ఉన్నాయి, కానీ అవి చిన్నవి. బజారులో దొరికే కుంకుమపువ్వులో కల్తీ ఎంతో మనకు తెలుసు. పాలలో నాలుగు రేకులు వేసుకుంటే అది ఆహారం, నిశ్చింతగా తాగమన్నాను. దాన్ని మందుగా లెక్కపెట్టుకోవద్దన్నాను.

మూలికలు ఏమీ చేయవనే డాక్టర్లతో నేను ఏకీభవించలేను. సర్పగంధ వేరు మీద గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో రాశారు. రక్తపోటుకూ, తీవ్రమైన మానసిక జబ్బుకూ పనికొస్తుందని. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్‌ను విడదీశారు. అది ప్రపంచమంతా వాడిన మందు అయింది. ఆ మందు వాడిన కొందరు రక్తపోటు రోగుల్లో దిగులు కమ్ముకోవడాన్ని కూడా వైద్యులు 1950ల్లోనే గమనించి రాశారు. ఒకరి మనసును శాంతింపజేసిన ఆ వేరు మరొకరిని కుంగదీసిందన్నమాట. శక్తి ఉన్నది ఏదైనా రెండు వైపులా పనిచేయగలదు.

అప్పుడు ఆమెకు నేను ఏం సలహా ఇచ్చాను? స్వల్ప దిగులుకు మాత్ర మొదటి అడుగు కానక్కర్లేదు, అల్లోపతి మాత్రా అక్కర్లేదు, మూలికా అక్కర్లేదు. వారానికోసారి చొప్పున ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడుకున్నాం. మొదటి రెండు సార్లూ నాన్నగారి గురించే. ఆయన పోయాక పన్నెండో రోజు దాటగానే అందరూ 'ఇక ధైర్యంగా ఉండాలి' అన్నారట. ఏడవడానికి ఇంట్లో చోటు దొరకలేదు.

ఆరున్నరను ఖాళీగా వదలకూడదని ఇద్దరం అనుకున్నాం. ఆ వేళకు తల్లికి ఫోన్ చేసి, నాన్నగారి గురించి రోజుకు ఒక సంగతి అడగమన్నాను. మొదటి వారం ఇద్దరూ ఏడ్చారు. మూడో వారంలో తల్లి, పెళ్లయిన కొత్తలో ఆయన సైకిల్ మీద సినిమాకు తీసుకెళ్తూ దారిలో పంట కాలువలో పడేసిన కథ చెప్పారట. "నాకు తెలియని నాన్న మేడమ్" అన్నారు ఆమె. ఫోన్ అయ్యాక పక్కింటావిడతో కలిసి గోదావరి గట్టు మీద అరగంట నడక. రోజుకు ఐదు టీలు రెండయ్యాయి, సాయంత్రం నాలుగు తర్వాత లేదు. రాత్రి మెలకువ వస్తే ఫోన్ చూడకుండా లేచి వేరే గదిలో కూర్చోవడం. మానేసిన ముగ్గుల పుస్తకం తిరిగి తీశారు.

నెల తిరిగినా తగ్గకపోయినా, స్కోరు 10 దాటినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మందు గురించి మళ్లీ మాట్లాడుకుందామని ముందే ఒప్పందం చేసుకున్నాం. అర్ధరాత్రి అలాంటిది వస్తే నా కోసం ఆగొద్దని, ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఆమెదీ భర్తదీ ఇద్దరి ఫోన్లలోనూ దాయించాను. అది ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఎనిమిదో వారానికి పీహెచ్‌క్యూ-9లో 4, జీఏడీ-7లో 3. ఆరు నెలల తర్వాత కూడా దాదాపు అంతే. నాన్నగారి సంవత్సరీకం ముందు పది రోజులు నిద్ర చెడింది. ఫోన్ చేశారు. మాట్లాడుకున్నాం, సర్దుకుంది.

నా కేస్ షీట్‌లో మార్పు

ఈ కేసు తర్వాత నేను 'ఏం మందులు వాడుతున్నారు' అని అడగడం మానేశాను. 'పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా నోట్లో వేసుకునేవన్నీ చెప్పండి, ఇంట్లోవాళ్లు ఇచ్చినవి కూడా' అని అడుగుతున్నాను. పొడులు, గమ్మీలు, కషాయాలు, జుట్టు మాత్రలు, నెలసరి మాత్రలు, విదేశాల నుంచి వచ్చినవి, ఒక్కో పేరూ నేనే తీస్తాను. మొదలుపెట్టిన తేదీ రాస్తాను. సీసా వెనుక చూస్తాను, ఆయుర్వేద మందుగా తయారీ లైసెన్సు ఉందా, ఆహార పదార్థంగా ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మాత్రమే ఉందా, ఎంత మోతాదు, ఏ భాగం. రెండూ లేని పొట్లమైతే వాడొద్దని చెబుతాను. మూలిక వాడుతున్నానంటే ముందు 'చెప్పినందుకు సంతోషం' అంటాను. దానికి అర నిమిషం పడుతుంది. ఈమెకు మొదటి రోజు ఆ అర నిమిషం ఇచ్చి ఉంటే ఎస్సిటాలోప్రామ్ రాసేదాన్ని కాదు.

కిందటి నెల ఆమె స్టాఫ్ రూమ్‌లో అశ్వగంధ చెప్పిన ఆ తోటి టీచర్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ చేతిలో కూడా సంచి ఉంది. అందులో ఒకటే సీసా, వేరు సారం, 300 మి.గ్రా., రోజుకు రెండు. ఆరు వారాలుగా వాడుతున్నారు, ఒత్తిడి తగ్గిందంటున్నారు. థైరాయిడ్ జబ్బు లేదు, వేరే మందులు లేవు, గర్భం లేదు. టీఎస్‌హెచ్, కాలేయం పరీక్షలు చేయించాను, మామూలుగానే వచ్చాయి. మాన్పించలేదు. కేస్ షీట్‌లో పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాసి, పక్కన ఇంకో రెండు వారాల తర్వాత ఆపాల్సిన తేదీ రాశాను. ఆపిన నెలకు ఒకసారి రమ్మన్నాను.